సడి లేని పెట్టె

ఆ వర్క్‌షాపులో తయారైన ఏ పెట్టె అయినా చెవులక్క చెవి దాటాకే గుమ్మం దాటుతుంది. ఇది ఎవరూ కూర్చుని పెట్టుకున్న నియమం కాదు. ఆమె తమ్ముడు మొట్టమొదటి పెట్టె బిగించిన రోజున పక్కన ఇంకెవరూ లేక అక్కని వినమన్నాడు. ఆమె స్పీకరు జాలీకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, లోపల ఏదో గుయ్‌మంటోందిరా అంది. మీటరు ముల్లు కదలనే లేదు, నీ చెవిలో పురుగు దూరినట్టుంది అని తమ్ముడు నవ్వేశాడు. కొనుక్కెళ్ళిన పెద్దమనిషి వారం తిరక్కుండానే పెట్టెని చంకలో పెట్టుకుని తిరిగొచ్చి, లోపల ఏదో గుయ్‌మంటోందయ్యా అన్నాడు. ఆ తరవాత తమ్ముడు మీటరుని నమ్మడం మానలేదు గానీ, అక్క సరేనన్నాకే దాన్ని నమ్మడం అలవాటు చేసుకున్నాడు. చెవులక్క అన్న పేరు కూడా అప్పుడే పడింది. ఆ పేరంటే ఆమెకి చిన్నతనమేమీ లేదు, అలా పిలవకపోతేనే కోపం.

పెట్టె అంటే ప్రీఆంప్లిఫయరు. రికార్డు ప్లేయరులోంచి వచ్చే పాట చీమ గొంతంత ఉంటుంది. దాన్ని ముందుగా చేతుల్లోకి తీసుకుని, కాస్త ఒళ్ళు చేయించి, పెద్ద ఆంప్లిఫయరుకి అప్పగించేది ఈ పెట్టె. పెద్దదానికి మంచీ చెడూ తెలియదు, చేతికిచ్చినదల్లా పెంచి వాయిస్తుంది. అందుకని ఈ చిన్నదాంట్లో గోరంత చెత్త దూరితే స్పీకరు దగ్గరికొచ్చేసరికి అది కొండంత అవుతుంది. ఆ చెత్తల్లోకెల్లా మొండిది గోడలోని కరెంటు తనతో పాటు తీసుకొచ్చే గుయ్‌మనే సడి.

ఆ కరెంటుని దారికి తెచ్చి పెట్టెలోకి పంపే ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేది చెవులక్క మొగుడు. మేడమీద వాళ్ళ కాపురం, కింద వర్క్‌షాపు. కింద ముందుగదిలో తమ్ముడు వైర్లు అతుకుతాడు, వెనకగదిలో మొగుడు రాగితీగ చుడతాడు. రెండు గదులకీ మధ్య గోడకి ఒక బల్ల, బల్ల మీద రెండు స్పీకర్లు, వాటి ముందు ఒక ఎత్తు స్టూలు. ఆ స్టూలు మీద చెవులక్క తప్ప ఎవరూ కూర్చోరు. ఒకసారి షాపాయన, అంటే వీళ్ళ పెట్టెలు అమ్మిపెట్టే ఆయన, తెలియక కూర్చుంటే తమ్ముడు కుర్చీ తెచ్చి మరీ లేపాడు.

ఆమె తీర్పు రెండే మాటలు. "మేలుకునే ఉంది" అంటే పెట్టె మళ్ళీ వెనక్కి. "పడుకుంది" అంటే ఇక అట్టపెట్టెలోకి. మేలుకునే ఉందన్న ప్రతిసారీ ఇంట్లో యుద్ధమే. తప్పు వైరింగుదని బావ, ట్రాన్స్‌ఫార్మరుదని బావమరిది. బావ బతుకు కోరేవాడు బావమరిది అని ఎవడన్నాడో గానీ వీడు మాత్రం నా ట్రాన్స్‌ఫార్మరు చావు కోరుతున్నాడని ఆయన వెనకగదిలోంచి అరిచేవాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చెవులక్క మాత్రం ఏ పక్షానికీ మొగ్గేది కాదు. వైరింగుదైతే వైరింగుదనేది, ట్రాన్స్‌ఫార్మరుదైతే మొగుడి మొహం మీదే ఆ మాట అని, వెళ్ళి అన్నం వడ్డించేది. తిట్టుకుంటూనే ఆయన విప్పి మళ్ళీ చుట్టేవాడు.

మొగుడికి తన పని మీద గర్వం కాస్త ఎక్కువే. నా చేత్తో చుట్టిన దాంట్లో సడి అన్నది ఉండదు అని క్షురకుడికి చెప్పేవాడు, బస్సులో పక్కసీటాయనకి చెప్పేవాడు, ఎవరింటికైనా పరామర్శకి వెళితే అక్కడా ఏదో సందు చూసుకుని చెప్పేవాడు. చెవులక్క విని ఊరుకునేది. ఆమె గర్వం మాత్రం ఏం తక్కువ? వీధిలో ఎవరి ఫ్రిజ్ గొంతు మారినా ఆమెకే కబురు. మెట్ల మీంచే విని, మోటారు కింది రబ్బరు అరిగిందని చెప్పి వెనక్కి తిరిగేది. స్పీకరు జాలీకి గీసుకుంటుందని కుడిచెవి కమ్మ ఎప్పుడో తీసేసింది. పెళ్ళిళ్ళకి కూడా ఎడమచెవికే పెట్టుకుని వెళ్ళేది. రెండోది పారేసుకున్నావా అని ఆడబిడ్డ అడిగితే, ఈ చెవి డ్యూటీలో ఉంది వదినా అంది.

అలా సాగుతూండగా తమ్ముడి బుర్రలో ఒక ఆలోచన పడింది. గోడ కరెంటుని ఎంత దిద్దినా అది గోడ బుద్ధి పోనిచ్చుకోదు, కాబట్టి అసలు గోడతో సంబంధమే వద్దు అనుకున్నాడు. బ్యాటరీల మీద నడిచే పెట్టె. పాట కోసం ఆన్ చేయగానే లోపల టక్‌మని ఒక మీట విడిపడి గోడ తీగని పూర్తిగా దూరం పెడుతుంది. పాట అయిపోయాక మళ్ళీ కలిసి బ్యాటరీలకి మేత పెడుతుంది. ఈ సంగతి వాడు భోజనాల దగ్గర చెప్పాడు. బావ గబగబా తిని లేచాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, అయితే ట్రాన్స్‌ఫార్మరు ఎక్కడ పెడతావురా అని అడిగాడు. పాట నడిచే దారిలో ఎక్కడా ఉండదు బావా అన్నాడు తమ్ముడు. అంతే, మర్నాటినుంచి ఆ పెట్టెకి టార్చిలైటు అని పేరు పెట్టేశాడు ఆయన. ఏరా, నీ టార్చిలైటు ఎంతవరకూ వచ్చింది అనడం, ఈల వేసుకుంటూ వెనకగదిలోకి పోవడం.

టార్చిలైటు అంత తేలిగ్గా రాలేదు. ఏళ్ళు పట్టింది. లోపలి సరుకు తేలకముందే పై డబ్బా వచ్చేసింది. మందంగా మలిచిన అల్యూమినియం, ముందు తిప్పడానికి రెండే రెండు గుండ్రటి బిరడాలు, చూస్తే కళ్ళు తిప్పుకోలేం. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు షాపాయన ఆ ఖాళీ డబ్బాని ఫోటో తీయించి, త్వరలో వస్తోందని కొట్లో పెద్ద బోర్డు పెట్టేశాడు. ఇక ఫోన్లే ఫోన్లు. రిటైరైన డాక్టరు ఒకాయన వచ్చి డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి, పెళ్ళికూతుర్ని చూసి వెళ్ళినంత సంబరంగా వెళ్ళాడు. సంగీతం టీచరొకావిడ ఉన్న పెట్టెని ముందే అమ్మేసి, ఇంట్లో పాట లేక నిద్ర పట్టడం లేదని తమ్ముణ్ణి నిలదీసింది. అందరికీ వాడు చెప్పే జవాబు ఒకటే. మా అక్క వినాలి, వింటే వచ్చేసినట్టే. ఆ మాట విన్నప్పుడల్లా చెవులక్క నడక కాస్త నెమ్మదయ్యేది, మెడ కాస్త నిక్కేది. పాత పెట్టెల పని ఆపేసి, ఉన్నవన్నీ పంపించేసి, ఇల్లంతా ఆ ఒక్క పెట్టె కోసం కాచుకుని కూర్చుంది.

ఆఖరికి ఒక ఉదయం తమ్ముడు మూత బిగించి, బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని పక్కకి నిలబడ్డాడు. చెవులక్క స్టూలెక్కింది. తమ్ముడు ఆన్ చేశాడు. టక్‌మంది. కుడిచెవి జాలీకి ఆనించి కళ్ళు మూసుకుంది.

ఏమీ లేదు.

ఎడమ చెవి పెట్టింది. ఏమీ లేదు. చెయ్యి చాచి సౌండు బిరడా చివరిదాకా తిప్పమంది. తమ్ముడు తిప్పాడు. అయినా ఏమీ లేదు. ఆరిపోయిందేమో చూడరా అంది. వాడు ఓ పాట పెట్టాడు, గది దద్దరిల్లింది, ఆమె ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. పాట ఆపాక మళ్ళీ చెవి పెట్టింది. అదే శూన్యం. ఇన్నేళ్ళలో జాలీకి చెవి ఆనిస్తే ఎంతో కొంత ఏదో ఒకటి వినపడని రోజు లేదు. ఆమెకి వాళ్ళమ్మ గుర్తొచ్చింది.

ఆవిడకీ ఇలాగే మొదలైంది. మాటలు వినపడేవి, పాటలు వినపడేవి, సన్నవి మాత్రం ఒక్కొక్కటే తప్పుకున్నాయి. ముందు గడియారం, తరవాత వాన తుంపర, తరవాత పక్కగదిలో పిల్లల గుసగుసలు. అప్పటికి ఆవిడది సరిగ్గా ఇదే వయసు. తనకీ వచ్చేసిందని చెవులక్క ఆ స్టూలు మీదే నిర్ణయించేసుకుంది. తమ్ముడు ఆమె పెదవులకేసే చూస్తున్నాడు. రేపు ఇంకోసారి వింటాను అని చెప్పి, దిగి, మెట్లెక్కి వెళ్ళిపోయింది.

రేపు అన్నది ఒక రేపటితో ఆగలేదు. అక్క రేపంటోందంటే ఏదో వినపడిందని, మనసు కష్టపెట్టలేక చెప్పడం లేదని తమ్ముడు అనుకున్నాడు. మూత విప్పాడు. అతుకులన్నీ ఊడదీసి మళ్ళీ అతికాడు. బ్యాటరీలు మార్చాడు. లేని పామును కర్రతో కొట్టినట్టు లేని సడిని వెతుక్కుంటూ, చక్కగా ఉన్నవాటిని కూడా పీకేశాడు. వాడి దగ్గర టంకం వేసే పనికి వచ్చే ఆవిడ, వేసిందే మళ్ళీ వేయలేక విసుక్కుని, మీటరు ముల్లు నిద్రపోతోంది కదా అంటే, మీటరు కాదమ్మా, అక్క చెప్పాలి అన్నాడు. వెనకగదిలో బావ మాత్రం మూలన పడ్డ చుట్టే మిషనుకి నూనె వేసి, గుడ్డతో తుడిచి, ఈల మీద ఈల. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ, టార్చిలైటు మా ఆవిడ చెవి దగ్గర ఆగిపోయిందని చెప్పుకున్నాడు. పెళ్ళాం చెవి మీద ఆయనకున్న గర్వం అంతా ఇంతా కాదు.

చెవులక్క ఆ ఈల విని ఇంకా కుంగింది. ఇంట్లో పంపు చుక్కలు విని చూసుకుంది, వినపడ్డాయి. అవేపాటి సన్నం అనుకుంది. కూరల బండివాడు రెండుసార్లు పిలిచానమ్మా అంటే, అంతే, అయిపోయింది అనుకుంది. వాడు పిలిచింది ఎదురింటావిణ్ణి. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? మేడమీద ముందుగదిలో టీవీ పక్కన పాత పెట్టె ఒకటి ఉంది. ఇంటి కోసమని మొగుడు ముచ్చటపడి, మనసంతా పెట్టి చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు దానిది. అందులో ఎంత సడి ఉందో ఆమెకి కంఠతా వచ్చు. దాని దగ్గర చెవి పెడితే క్షణంలో తేలిపోయేది. ఆ సంగతి ఆమెకి తెలియకా కాదు. దాని మీద దుమ్ము తుడిచేటప్పుడు కూడా మొహం తిప్పుకుని తుడిచింది. అదీ వినపడకపోతే ఇక అనుమానం కూడా మిగలదు కదా అన్నది ఆమె భయం.

పడుకుందిరా అని ఒక్క మాట అనేస్తే గొడవ వదిలిపోయేది. చెవులక్క ఆ మాట గొంతుదాకా తెచ్చుకుంది కూడా. కానీ ఆ స్టూలు మీద కూర్చుని చెవికి తేలనిది తేలిందని ఆమె ఎన్నడూ అనలేదు. మొగుడికి కోపం వస్తుందని తెలిసీ అనలేదు, తమ్ముడి కళ్ళల్లో నీళ్ళు చూసీ అనలేదు. ఆమె పెద్ద చదువు చదవలేదు, చేతిలో ఆ ఇద్దరికున్న పనితనమూ లేదు. ఆ ఇంట్లో, ఆ వీధిలో ఆమె తల ఎత్తుకు తిరిగిందంటే ఆ చెవి వల్ల, ఆ చెవి చెప్పినదాన్ని మార్చకపోవడం వల్ల. చెవి పోతే పోయింది, ఆ మాట కూడా పోగొట్టుకుంటే ఇక తను ఎవరు?

ఒక ఉదయం ఆమె కాఫీలు పట్టుకుని కిందకి దిగేసరికి తమ్ముడు ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. పెట్టె నాలుగు ముక్కలుగా బల్ల మీద ఉంది. బోర్డు తీసేయమని షాపాయనకి చెప్పేస్తానక్కా, ఇది నా వల్ల కాదు, బావ పాత ట్రాన్స్‌ఫార్మర్లే నయం, అన్నాడు. వెనకగది గుమ్మంలో నిలబడ్డ బావకి ఆ మాట తేనెలా ఉండాలి. కానీ బావమరిది మొహం చూశాక ఆయన ఈల ఆగిపోయింది.

చెవులక్క గ్లాసులు కింద పెట్టింది.

"ఫోను పెట్టెయ్‌రా. పెట్టెలో తప్పుందని నేనెప్పుడన్నాను? తప్పు నాలో ఉంది. నాకేం వినపడట్లేదు. అమ్మకొచ్చినట్టే నాకూ వచ్చేసింది. చెప్పలేక రేపూ రేపూ అంటూ నీచేత ఇదంతా పీకించాను."

తమ్ముడు ఫోను పక్కన పడేశాడు. లేచి అక్క చెయ్యి పట్టుకున్నాడు. బావకి మాత్రం ఇందులో ఏడవాల్సిందేమిటో అర్థం కాలేదు.

"వినపడకపోతే మంచిదేగా? నా పెట్టెల్లో ఏం వినపడిందని? పడుకుంది, పడుకుంది అని నువ్వేగా అంటావు."

"పడుకుందన్నానండీ. ఊపిరి తీయట్లేదని ఎప్పుడైనా అన్నానా?"

ఆమె మెల్లిగా, తలొంచుకునే చెప్పింది. కుర్చీలో కూర్చుని పాట వినే మనిషికి సడి అందకపోతే దాన్ని పడుకుందనేదాన్ని. జాలీకి చెవి ఆనిస్తే మాత్రం ప్రతిదాంట్లోనూ ఉంటుంది. ఇందులో వెతుకుతున్నది ఆ ఊపిరినే. అది కూడా లేదు. బతికున్న పెట్టెలో ఊపిరి లేకపోవడమనేది ఉండదు కాబట్టి పోయింది నా చెవే.

ఆయన ఆ మాటలు విని వెనక్కి తిరిగి రాగితీగ కండెకేసి చూశాడు. ప్రతిదాంట్లోనూ అన్న మాట ఆయనకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. క్షురకుడూ, బస్సులో పక్కసీటాయనా, పరామర్శకెళ్ళిన ఇళ్ళూ వరసగా కళ్ళముందు తిరిగి ఉంటాయి. గబగబా మెట్లెక్కి వెళ్ళాడు. కోపమొచ్చి వెళ్ళాడనే అనుకున్నారు అక్కాతమ్ముళ్ళు.

దిగేటప్పుడు ఆయన చేతుల్లో ముందుగదిలోని పాత పెట్టె ఉంది. దాన్ని బల్ల మీద దించి, తీగలు తనే తగిలించి, ఆన్ చేసి, స్టూలుని పెళ్ళాం దగ్గరికి జరిపాడు.

"కూర్చో. విను."

ఆమె కూర్చోలేదు. ఆయన భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. చెవులక్క కళ్ళు గట్టిగా మూసుకుని, వినడానికి కాక దెబ్బ తినడానికి సిద్ధమైనట్టు, కుడిచెవిని జాలీకి ఆనించింది. ఆనించీ ఆనించగానే ఆమె కళ్ళు తెరుచుకున్నాయి. ఉంది. సన్నగా, నిలకడగా, ఎక్కడుండాలో అక్కడే ఉంది. నవ్వు మొహమంతా పాకింది. ఆ నవ్వుతోనే తల తిప్పి మొగుణ్ణి చూసింది, చూడగానే నోరు మూసుకుంది. ఇది ఆయన తమ కోసం చుట్టుకున్నది. దీని గురించే ఆయన అందరికీ చెప్పుకునేది.

ఆయన వంగి, ఆమె మొహంలోకి చూశాడు.

"చెప్పు. నా కోసం చూడకు. ఇవాళ ఇది మోగిందంటేనే నాకు సంతోషం."

"మోగుతోందండీ."

"సరిగ్గా విన్నావా?"

"గుయ్‌మని. మీరు చుట్టిన రోజు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది."

తమ్ముడు అప్పటికే కొత్తపెట్టె ముక్కల్ని బల్ల మీంచి దించుకుని, మోకాళ్ళ మీద కూర్చుని ఒకదానికొకటి చేరుస్తున్నాడు. తొందరలో స్క్రూలు నేలమీద దొర్లుతున్నాయి. తలెత్తకుండానే, మరి నాదక్కా అని అడిగాడు. పీకినవన్నీ మొదట ఎలా ఉన్నాయో అలాగే పెట్టెయ్ అంది చెవులక్క. అందులో వినడానికి ఏమీ లేదని, ఏమీ లేకపోవడం ఎలా ఉంటుందో తనకి ఇంతవరకూ తెలియదని, అమ్మే ఉండి ఉంటే ఎంత పొంగిపోయేదోనని చెప్పింది. చెబుతూ చెబుతూ పమిటతో కళ్ళు తుడుచుకుంది. తమ్ముడు మాత్రం తుడుచుకోలేదు, రెండు చేతుల్లోనూ పెట్టె ఉంది.

ఆమె మొగుడు అక్కడ లేడు. ఎప్పుడు వెళ్ళాడో, చెప్పుల్లేకుండా వీధి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. టీకొట్టుకి పోతున్న క్షురకుణ్ణి ఆపి భుజమ్మీద చెయ్యి వేశాడు. ఇన్నేళ్ళూ ఆయన దగ్గర ఒకే కథ విన్న క్షురకుడు, మళ్ళీ అదే కాబోలని ఓపిగ్గా నిలబడ్డాడు.

"నా ట్రాన్స్‌ఫార్మరు మోగుతుందయ్యా," అన్నాడు ఆయన, వీధి చివరిదాకా వినపడేలా. "నేను చుట్టినవన్నీ మోగుతాయి. మా ఆవిడ ఇప్పుడే విని చెప్పింది."